జిగటమట్టి మీద ప్లాస్టిక్ గడ్డి

మా బావమరిది మా ఇంటి ముందు పరిచిన ప్లాస్టిక్ గడ్డి గురించి రాద్దామని ఇంతకుముందు కూడా కూర్చున్నాను. రాస్తున్న కొద్దీ అక్షరాలు వంకరలు పోతుంటే లేచిపోయాను. డైరీ రాయడం ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఉన్న అలవాటు. అందులో ఇంత కోపంగా ఎవరి గురించీ రాయలేదు, పై అధికారుల గురించి కూడా. కోపం తగ్గాక రాద్దామనుకుంటే ఇక ఎప్పటికీ రాయలేనని తేలిపోయింది. అందుకని కోపంతోనే రాస్తున్నాను.

నేను ఉక్కు కర్మాగారంలో రైలు పట్టాల పని చూసేవాణ్ణి. లోపల ఆ పట్టాల మీద కరిగిన ఇనుము మోసే బండ్లు తిరుగుతాయి. పట్టా ఒక పక్కకి కుంగితే ఏమవుతుందో ఎవరికీ చెప్పనక్కర్లేదు. మా పనంతా పట్టా మీద కాదు, పట్టా కింద. జిగటమట్టి మీద నేరుగా కంకర పోస్తే, బండి వెళ్లిన ప్రతిసారీ ఆ బరువుకి అడుగునున్న తడిమట్టి కంకర సందుల్లోంచి పైకి వస్తుంది. మా గ్యాంగ్‌వాళ్లు దాన్ని నేల కక్కుతోంది అనేవారు. కక్కకుండా ఉండాలంటే మట్టికీ కంకరకీ మధ్య మందంగా ఇసుక పరవాలి, నీళ్లు పక్కకి పోయే దారి చూపాలి. అంతకు మించిన విద్య లేదు. ఉద్యోగమంతా నేను చేసింది అదే, చేయించింది అదే.

గాజువాక దాటి లోపలికి వెళితే వచ్చే మా ఇల్లు కూడా అలాంటి నేల మీదే ఉంది. లేఅవుట్ వేయక ముందు అక్కడ వరి మళ్లుండేవి. ఎండాకాలంలో చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతాయి. వాన పడితే చెప్పు మట్టిలో ఉండిపోయి కాలొక్కటే ముందుకు వస్తుంది. ఇంటికి లోతుగా పునాదులు తీయించాను. వాకిలిని మాత్రం ఉన్న మట్టితోనే వదిలేశాను.

నా భార్యది విజయనగరం వైపు పల్లె. మాది గోదావరి నుంచి ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చిన కుటుంబం. ఇన్నేళ్ల కాపురంలో నా యాస మారలేదు, ఆమె యాస అసలే మారలేదు. నిరుడు ఆమెకి కుడి మోకాలు మార్చారు. ఆపరేషన్ బాగానే జరిగింది. "రోజూ నడవాలమ్మా. చదునుగా ఉన్నచోట నడవాలి. నడక మానేస్తే మోకాలు బిగుసుకుపోతుంది, ఆ తర్వాత నేను చేయగలిగింది తక్కువ" అన్నాడు డాక్టరు. మా వీధిలో నడవాలంటే బైకులు, కుక్కలు, తవ్వి పూడ్చని గుంతలు. ఇంట్లో నడిస్తే నాలుగు అడుగులకే గోడ వస్తుంది. ఇక మిగిలింది వాకిలి. గుమ్మం నుంచి గేటు దాకా, గేటు నుంచి గుమ్మం దాకా. ఆమె మోకాలు వంగాలంటే ఆ వాకిలి చదునుగా ఉండాలి. ఇంత చిన్న సంగతి.

నేను సిమెంటు పలకలు వేయిద్దామన్నాను. అప్పుడే మా బావమరిది దిగాడు.

నా భార్యకి ఒక్కడే తమ్ముడు. కొన్నాళ్లు రొయ్యల చెరువుల మందులు అమ్మాడు, కొన్నాళ్లు కోచింగ్ సెంటర్లకు ఫ్లెక్సీలు కొట్టించాడు. ఇప్పుడు ద్వారకా నగర్‌లో ఒక మేడమీది గదిలో ప్లాస్టిక్ గడ్డి వ్యాపారం. భీమిలి రోడ్డులో గెస్ట్‌హౌస్‌లకు పరిచానంటూ ఫోన్‌లో ఫొటోలు చూపిస్తాడు. ఫొటోలో ఏ గడ్డయినా పచ్చగానే ఉంటుంది.

"బావా, నువ్వు సిమెంటు ఎయ్యకు. అప్ప జారిందంటే మోకాలు సిప్ప మళ్లీ పగిలిపోద్ది. నాను గడ్డి పరిసీత్తాను. మెత్తగా ఉంటది, పరుపు మీద నడిసినట్టు."

ఆమె కళ్లు మెరిశాయి. గడ్డికి కాదు, తమ్ముడు తన కోసం ఏదో చేస్తున్నాడని. అందుకని నేను ఊరుకున్నాను. మంచి ఎండలో, నేల బీటలు వారి ఉన్నప్పుడు, ఇద్దరు కూలీలతో, చిన్న వ్యానులో గడ్డి చుట్టలతో వచ్చాడు. నెర్రెల్లోకి కాస్త మట్టి తోసి, చీపురుతో ఊడ్చి, చుట్ట విప్పబోయాడు.

"కింద ఏం వేస్తున్నావు?" అన్నాను.

"కిందేటి ఎయ్యడం? నేలుంది కదా."

"నేల జిగటమట్టి. జానెడు తవ్వి తీసెయ్. ఇసుక పరువు. దాని మీద సన్న కంకర, రాతిపొడి వేసి దిమ్మిస కొట్టించు. గేటు వైపు వాలు ఉంచు. ఆ తర్వాత నీ గడ్డి."

"బావా, ఇది గడ్డి, పట్టాలు కాదు. దీని మీద ఇంజను తోల్తావేటి నువ్వు?"

"మీ అక్క నడుస్తుంది."

"మా అప్ప ఇంజనంత బరువుందంటావేటి?"

కూలీలు నవ్వారు. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న మా ఆవిడ కూడా నవ్వింది. "ఈయనకి అన్నీ పట్టాలేరా. అన్నం వడ్డిత్తే కింద ఇసక పరిసావా అని అడుగుతారు" అంది.

నేను లోపలికి వెళ్లిపోయాను. సాయంత్రానికి వాకిలంతా పచ్చగా అయిపోయింది. నిజం చెప్పాలంటే చూడ్డానికి బాగానే ఉంది. ఆమె చేతికర్ర పట్టుకుని గేటు దాకా వెళ్లి వచ్చింది. ఎండలున్నన్నాళ్లూ అలాగే రోజూ నడిచింది. మోకాలు కాస్త కాస్త వంగడం మొదలుపెట్టింది. బావమరిది ఫోన్ చేసినప్పుడల్లా "ఏటి బావా, రైలు పడిపోయిందా?" అని అడిగేవాడు.

వానలు మొదలయ్యాక నేల ఊరింది. ఎండిన జిగటమట్టి నీళ్లు తాగితే పిండి పొంగినట్టు పొంగుతుంది, అదీ అన్నిచోట్లా ఒకేలా కాదు. నెర్రెలున్నచోట కుంగింది, పక్కన ఉబ్బింది. గడ్డి కింద ఎవరో పడుకుని మోకాళ్లు పైకి పెట్టినట్టు ఎత్తులు లేచాయి. రెండు చుట్టలు కలిసేచోట అతుకు విడిపోయి అంచు నాలుకలా బయటికొచ్చింది. ఒక పొద్దున ఆమె కాలు ఆ అంచుకి తగిలింది. ముందుకు పడబోయి గేటు ఊచ పట్టుకుంది. ఎముక ఏమీ విరగలేదు. కానీ ఆ రోజు నుంచి వాకిట్లోకి రావడం మానేసింది.

మోకాలు బిగుసుకోవడం కళ్లతో చూడొచ్చని నాకు అప్పుడే తెలిసింది. మంచం మీద నుంచి లేవడానికి రెండు చేతులూ కావాల్సి వచ్చేది. వ్యాయామాలు చేయించడానికి వచ్చే ఫిజియో అమ్మాయి కాలు వంచి చూసి, "ఇంతకు ముందు దీనికన్నా ఎక్కువ వంగేది, నడవడం లేదా అమ్మా?" అని అడిగింది.

బావమరిదిని పిలిచాను. మర్యాదగానే పిలిచాను, ఆమె పక్కనే ఉంది గనక. చేత్తో తోసే రోలర్ ఒకటి తెచ్చాడు. ఎత్తుల మీద దొర్లించాడు. తడిమట్టిని పైనుంచి నొక్కితే అది లోపలికి పోదు, పక్కకి పోతుంది. పోయింది. లేచిన అంచుల మీద పొడుగు మేకులు కొట్టాడు. గుంటలు కనిపించకుండా పైన తెల్ల ఇసుక చల్లి బ్రష్‌తో రుద్దాడు.

"సూడు బావా, కేరమ్ బోర్డులాగుంది."

"పైన ఇసుక చల్లావు. నేను కింద పరవమన్నాను."

"ఇసకే కదా. పైనైతే ఏటి, కిందైతే ఏటి?"

ఈ ఒక్క మాటకి నేను అతన్ని ఇప్పటికీ క్షమించలేదు. తర్వాతి వానకి మేకులు తలలు పైకెత్తాయి. కర్ర పట్టుకుని నడిచే మనిషి దారిలో మేకులు. పటకారు తీసుకుని వాటిని ఒక్కొక్కటే నేనే పీకాను, పీకుతున్నంతసేపూ తిట్టాను. ఎదురింటాయన గేటు దగ్గర నిలబడి, "ఎవరినండీ?" అని అడిగాడు. "దేశాన్ని" అన్నాను.

ఇక ఆ పని నేనే చేయించాను. వన్ టౌన్ వెళ్లి దిమ్మిస, రెండు పారలు, అతుకులకి వేసే పట్టీ, జిగురు కొని తెచ్చాను. ఇద్దరు కూలీలను పెట్టుకున్నాను. గడ్డిని అతుకుల దగ్గర విప్పి, మళ్లీ అదే వరుసలో పరిచేలా సుద్దతో గుర్తులు పెట్టి, చుట్టలు చుట్టి గోడకి చేర్చాం. గుమ్మం దగ్గరి చుట్టని తిరగేసి చూస్తే దాని అడుగు పచ్చగోధుమ రంగులో అట్టకట్టి ఉంది. నీళ్లు దిగడానికి ఆ అడుగుకి చిల్లులుంటాయి. ఒక్కటీ తెరిచి లేదు. నేల కక్కిన మట్టి అనుకున్నాను. మా పట్టాల కింద ఎన్నోసార్లు చూసిన సంగతే గదా అని, రెండో ఆలోచన లేకుండా, మా బావమరిదిని ఇంకో మాట తిట్టి, బ్రష్‌తో రుద్దించి కడిగించాను.

తడిమట్టి జానెడు లోతున తీసేశాం. ఇసుక పరిచి నీళ్లు చల్లి కుదించాం. దాని మీద కంకర, రాతిపొడి, దిమ్మిస. గుమ్మం నుంచి గేటుకి వాలు ఉందో లేదో నీళ్లగొట్టం పట్టి చూశాను. మా ఆవిడ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

"మీకు రిటైరవ్వడం రాదండీ" అంది.

"నీ తమ్ముడికి పని చేయడం రాదు."

"ఆడి పేరెత్తకండి. రాసుకోండి డైరీలో, అదైతే ఎదురు సెప్పదు."

గడ్డి మళ్లీ పరిచాక వాకిలి నిజంగానే చదునుగా ఉంది. పెద్ద వాన పడి వెలిసింది. ఎక్కడా ఒక్క ఎత్తు లేదు. రా, నడువు అన్నాను. రేపు అంది. మర్నాడు కూడా రేపే అంది. కాలికి భయం పోలేదు అనుకున్నాను.

వానలు వెనక్కి తగ్గాయి. ఎండ కాస్తోంది. అయినా గుమ్మం ముందు ఒక్కచోట గడ్డి మెత్తగా తగలడం మొదలైంది. కాలు వేస్తే లోపల నీళ్లు కదిలినట్టు. మిగతా వాకిలంతా రాయిలా ఉంది, ఆ చోటొక్కటే మళ్లీ ఉబ్బుతోంది. నా ఇసుక, నా కంకర, నా వాలు. వాటిలో తప్పు ఉండదు. కాబట్టి తప్పు గడ్డిదే అయ్యుండాలి, అంటే దాన్ని అమ్మినవాడిది. ఫోన్ చేసి ఉద్యోగంలో కూడా ఎవరినీ అననన్ని మాటలు అన్నాను.

"బావా, నా పిల్లల మీద ఒట్టు. మంచి సరుకే ఏసాను. నువ్వు కింద ఏటేటి పోసావో నాకేటి తెలుసు?"

"నేను పోసింది పోయాల్సినట్టు పోశాను."

"అయితే మరి పైన ఎవరు పోత్తన్నారో సూసుకో" అని ఫోన్ పెట్టేశాడు. వెటకారం అనుకున్నాను.

రోజూ తెల్లవారుతుండగా నేను మెయిన్ రోడ్డు దాకా నడిచి వస్తాను. ఆ ఫోన్ తర్వాత ఒక పొద్దున వీధి మలుపు తిరగ్గానే చెప్పు తెగింది. వెనక్కి వచ్చాను. గేటు తీయబోతూ ఆగిపోయాను.

మా ఇంట్లో పనిచేసే ఆవిడ గుమ్మం ముందు నిలబడి ఉంది. చేతిలో బకెట్టు. అందులో పేడనీళ్లు. చేత్తో తీసి చల్లుతోంది, వాటంగా, లయగా, ఎప్పుడూ చల్లినట్టు. పచ్చటి ప్లాస్టిక్ గడ్డి మీద. లోపల కుర్చీలో కూర్చుని మా ఆవిడ చెబుతోంది: "ఆ మూల పడ్లేదు. గుమ్మానికి దగ్గరగా ఇంకోపాలి సల్లు."

నన్ను చూసి పనావిడ బకెట్టు దించింది. "అమ్మగారు సెప్పారు బాబూ. రోజూ సల్లతన్నాను."

"ఎప్పటి నుంచి?"

"గడ్డేసిన కాడ్నించీ, మీరు నడకకెళ్లినాక."

ఆ చిల్లులు మూసిన పచ్చగోధుమ రంగు అట్ట ఏమిటో అప్పుడు అర్థమైంది. అది నేల కక్కింది కాదు. మా ఇంట్లో వాళ్లు కళ్లాపి చల్లి, ప్లాస్టిక్ గడ్డి అడుగుని మట్టి అరుగులా అలికేశారు. రేవు గాలికి వచ్చిపడే నల్ల బొగ్గుదుమ్ము దానికి తోడై సున్నంలా పట్టేసింది. దిగడానికి దారిలేని నీళ్లు గుమ్మం దగ్గరే నిలిచి, గోడ వారన దారి చూసుకుని, నేను ఎంతో జాగ్రత్తగా వేసిన ఇసుక పక్కగా మట్టిలోకి పోతున్నాయి.

నా జీవితంలో అంత కోపం రాలేదు. పనావిడ ముందే అరిచాను.

"ప్లాస్టిక్ మీద కళ్లాపి చల్లుతారా ఎవరైనా?"

"గుమ్మం ముందు సల్లుతారు" అంది మా ఆవిడ, నిదానంగా. "గుమ్మం ముందు మీరేటి పరిసారో నాకెందుకు? నా ఇంటి ముందు పొద్దున్నే నీళ్లు పడాల. మా అమ్మ సల్లింది, నాను సల్లతన్నాను. పొడిగా ఉన్న గుమ్మం సావు ఇంటి గుమ్మం."

"ఆ నీళ్ల వల్లే నేల ఉబ్బింది. నువ్వు తట్టుకుని పడబోయింది ఇలాంటి ఉబ్బుకే. నీ మోకాలి కోసమేగా ఇదంతా?"

"నా మోకాలుకి ఏటి కావాలో నన్నెవలు అడిగారు? ఆడు గడ్డన్నాడు, మీరు సిమెంటన్నారు. ఇద్దరూ కొట్టుకున్నారు. ముగ్గు ఎక్కడెయ్యాల అని ఒక్కరన్నా అడిగారా?"

"ముగ్గేయడానికి నువ్వు వంగలేవు కదా."

"నాను వంగను. అది వంగుతాది" అని పనావిడని చూపించింది. "నాను సెప్తాను. గడ్డెయ్యక ముందు అదే కదా సేసినాం. ఇప్పుడు బయటికొచ్చి ఏటి సూడాల? ఆ పచ్చ పట్టా మీద అటూ ఇటూ తిరగడానికి నానేటి ఆసుపత్రిలో ఉన్నానా?"

అంటే ఆమె రేపు రేపు అన్నది భయం వల్ల కాదు. లేదా ఒక్క భయం వల్లే కాదు. ఇంత చదును చేసి, వాలు చూసి, దిమ్మిస కొట్టించి పెడితే, ఆమెకి ఆ వాకిట్లో పనే లేకుండా పోయిందట. నాకు ఇంకా కోపం వచ్చింది. ఈ మాట ఎండాకాలంలోనే చెప్పొచ్చు కదా అని. అప్పుడు తమ్ముడి మనసు కష్టపెట్టడం ఇష్టం లేదు, నా ఇసుక పాడైతే ఫరవాలేదు.  

మర్నాడు కత్తి తీసుకుని గుమ్మం ముందు గడ్డిని అడ్డంగా కోసేశాను. మనిషి చేతులు చాచినంత వెడల్పు. కోస్తుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను, మా బావమరిది మీద కోపమంతా ఆ కోతలోకి వెళ్లింది. కోసిన చోట ఊరిన మట్టి తీసేసి, ఎర్ర గ్రావెల్ మట్టి పోయించి దిమ్మిస కొట్టించాను. దానికీ గడ్డికీ మధ్య ఇటుకలు నిలువుగా పాతించి గట్టు కట్టించి, నీళ్లు పక్కనున్న కాలవలోకి పోయేలా వాలు ఇచ్చాను. గడ్డి కోసిన అంచుని పట్టీ వేసి అతికించాను. మళ్లీ నీళ్లగొట్టం. మళ్లీ వాలు. ఇవన్నీ నేను కోపంగానే చేశాను, కానీ సరిగ్గా చేశాను.

తర్వాతి పొద్దున నేను నడకకి వెళ్లలేదు. పనావిడ ఎర్రమట్టి మీద కళ్లాపి చల్లింది. ముగ్గు మొదలుపెట్టింది. లోపలి నుంచి మా ఆవిడ చెబుతోంది. చెబుతూ చెబుతూ, "అలగ కాదు, అటు పక్క వంకర పోయింది" అంటూ కర్ర పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. "ఇక్కణ్ణించి తెలీదు" అని ముగ్గు పక్కనుంచి దిగి గడ్డి మీదికి వెళ్లింది. ముగ్గు చూసేది గేటు వైపు నుంచి వచ్చేవాళ్లు, అటు నుంచే చూడాలట. గేటు దాకా వెళ్లి, తిరిగి నిలబడి, "ఆ, ఎడం పక్క గీత లోపలికి లాగు" అంది. నేను గోడ పక్కన కదలకుండా నిలబడ్డాను. ఒక్క మాట అన్నా ఆగిపోతుందని తెలుసు. అలా రోజూ ముగ్గు తప్పులు పట్టడానికి గేటు దాకా వెళ్లి రావడం మొదలైంది. అనుకున్నంతగా కాలు వంగేది కాదు. కర్ర వదిలేది కాదు.

కొన్నాళ్లకి బావమరిది వచ్చాడు. పలకరింపుగా వచ్చాడు. గేటు తీసి ముగ్గు, ఇటుక గట్టు, గడ్డి చూసి తల అటూ ఇటూ ఊపాడు. పశ్చాత్తాపం అనుకున్నాను. జేబులోంచి ఫోన్ తీశాడు.

"బావా, ఇది మోడల్. ముగ్గు మోడల్. మన జనానికి ఇదే కావాల. ఈ ఫొటో ఎట్టీసినాననుకో, ఆర్డర్లే ఆర్డర్లు."

"పెట్టు. కింద ఇసుక వేయాలని కూడా రాయి."

"ఇసక ఫొటోలో కనపడదు బావా."

నేను నోరు తెరిచేలోపే మంచి కోణం కోసం వెనక్కి జరిగాడు. బూట్లతో. ముగ్గు మధ్యలో నిలబడ్డాడు. అప్పుడే వేసిన తడిముగ్గు.

"ఒరే."

లోపలి నుంచి కేక. ఆమె గుమ్మంలోకి వచ్చింది. చేతికర్ర తలుపుకి చేరేసి ఉంది, దాన్ని తీసుకోలేదు. "కళ్లు పోనాయేటిరా? ముగ్గులో నిలబడతావా, బూట్లతో? ఎవలు నేర్పినారు నీకు?"

"అప్పా, ఫొటో కోసం…"

"నీ ఫొటో తగలెయ్యా. నా కాలు పోవాలని గడ్డేసినావు. ఆయన అడగ్గా అడగ్గా ఇసక ఎయ్యలేదు. మేకులు కొట్టినావు. అన్నిటికీ నోరు మూసుకున్నాను, తమ్ముడివని. ఇప్పుడు ముగ్గు తొక్కుతావా?"

అతను వెనక్కి నడుస్తున్నాడు. ఆమె ముందుకు నడుస్తోంది. ఎర్రమట్టి దాటి, ఇటుక గట్టు దాటి, గడ్డి మీద, గేటు దాకా. గట్టు దాటేటప్పుడు కుడికాలు ఎత్తి అవతల వేసింది, మోకాలు చక్కగా వంగింది. అది ఆమె చూసుకోలేదు. అతను చూశాడో లేదో తెలియదు, గేటు బయటికి ఎలా పోవాలా అని చూస్తున్నాడు.

గేటు పట్టుకుని ఆమె ఇంకా తిడుతూనే ఉంది. వీధిలో వాళ్లు ఆగి వింటున్నారు. నేను తలుపు దగ్గరి కర్ర తీసుకెళ్లి బీరువా వెనక పెట్టి వచ్చాను.